సాక్షి పుల్ల

"మీ ఆయన చేదన్నాడా, వగరన్నాడా? తొందరేమీ లేదు. గుర్తు తెచ్చుకుని చెప్పమ్మా."

ధనలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. నిన్న ఉదయం ఈ అరుగు మీదే ఆమె భర్త పోలారావు ప్రాణం పోయింది. నిన్నటి నుంచి పోలీసులు ఆమెను చాలా ప్రశ్నలు అడిగారు. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

"సేదన్నాడు బావూ. 'ఏటే ఇది, ఏపాకు కన్నా సేదుగున్నాది' అన్నాడు. బెల్లంముక్క ఇత్తే నోట్లో ఏసుకొని గుటుక్కున తాగీసినాడు."

"ఇంతకుముందు ఎప్పుడైనా బదనిక కషాయం తాగాడా?"

"ఏటా తాగుతాడు గదా, నడుంనొప్పికి. ఎప్పుడూ సేదు అన్నేదు. కూసింత వగరుంతాది అంతే."

డిటెక్టివ్ శేషగిరి తన చిన్న నోటుపుస్తకంలో 'చేదు' అని రాసి, కింద గీత గీశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. ఈ మందు ఇచ్చిందని పట్టుకున్న బొడ్డమ్మను సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తారు. ఆ తరువాత ఆ డెబ్భై ఏళ్ళ ముసలమ్మ జైలుకు వెళుతుంది. ఎవరో ఒకరు ఆమె నిర్దోషి అని తేల్చేదాకా ఆమె బతికి ఉంటుందన్న నమ్మకం శేషగిరికి లేదు.

బొడ్డమ్మ ఈ ఊళ్ళోనే, సుమ్మాదేవిలో, నాటువైద్యం చేస్తుంది. విరిగిన ఎముకకు కట్టు కట్టడం, కీళ్ళనొప్పులకు ఆకు పసరు, నడుంనొప్పికి బదనిక కషాయం. మూడేళ్ళ కిందట శేషగిరి మోటార్‌సైకిల్ మీంచి పడి కుడిచెయ్యి విరిగితే, పెద్ద డాక్టరు వంకరగా అతుక్కుంటుందన్న ఎముకను ఆమే సరిచేసింది. ఇప్పుడు ఆ చేత్తోనే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఈ కేసుకు అతన్ని పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ చెయ్యే పెట్టుకుంది.

"ఎన్నింటికి తాగాడు?"

"ఆరున్నర. రేడియోలో వార్తలు అవతన్నాయి."

"నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"పావుగంట... ఇరవై నిమిసాలు. ముందల పిక్కలు గట్టిపడిపోనాయన్నాడు. మరి దవడ బిగిసిపోనాది. మడిసి విల్లులాగ వెనక్కి వొంగిపోనాడు బావూ. తల, మడాలు నేల మీద, నడుం పైకి. కానీ కళ్ళు నన్నే సూత్తన్నాయి. తెలివి అంతా ఉన్నాది. అదే నాను మరిసిపోలేకపోతన్నాను."

కార్తీక సోమవారం. తెల్లవారుజామున స్నానం చేసి దీపం పెట్టి, నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని సంకల్పం చెప్పుకుని కాశీబుగ్గలో బయలుదేరాడు. ఆకలి కడుపులో ఉండగా ఇంకొకరి దుఃఖాన్ని తవ్వడం అతనికి కష్టంగానే ఉంది. అయినా అడగాల్సిందే.

"అమ్మా, ఆ వంపు ఒకేసారి వచ్చి అలాగే ఉండిపోయిందా, వచ్చి పోతూ ఉందా?"

"వచ్చి పోయేది. మధ్యన కూసింత నిమ్మళించేవాడు."

"మళ్ళీ వచ్చేముందు ఏం జరిగేది? బాగా ఆలోచించు. ఏదైనా చప్పుడు?"

ధనలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి. ఎవరో ఒక్కసారిగా దీపం పెట్టినట్టు ఆ ఉదయమంతా ఆమెకు మళ్ళీ కనబడినట్టుంది.

"నా సేతిలో సెంబు జారి పడిపోనాది. ఠంగుమన్నాది. అప్పుడు వొంగిపోనాడు. మరి ఏడుంబావుకి పాసింజరు గేటుకాడ కూత ఏసినాది. అప్పుడు మళ్ళీ. ఆటోవోడు వచ్చి గుమ్మం ముందల పాం పాం మని హారను కొట్టినాడు..." ఆమె అరుగు అంచు పట్టుకుంది. "ఆ హారనుతోటే అయిపోనాది బావూ. ఎక్కించనేదు కూడాను."

శేషగిరి నోటుపుస్తకం మూశాడు. చేదు. ఇరవై నిమిషాలు. తెలివి ఉండగానే విల్లులా వంగడం. చప్పుడు వినబడితే మళ్ళీ పట్టుకోవడం. ఇది ఎలకల మందు కాదు, జీడిపూతకు కొట్టే పురుగుమందూ కాదు. ఇరవై ఏళ్ళు అటవీశాఖలో కొండలు తిరిగి, దొంగకలప కేసులు పట్టి, ఆ తరువాత డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి అతను. ఈ లక్షణాలు చేసే విషం ఏ చెట్టులో ఉంటుందో అతనికి తెలుసు. ఆ చెట్టు ఈ ఇంటిలోకి ఎలా వచ్చిందో మాత్రమే తెలియదు.

"వంటిల్లు చూస్తానమ్మా."

* * *

వంటింట్లో పోలీసులు వదిలిపెట్టింది తక్కువ. కషాయం కాచిన గిన్నె, అడుగున మిగిలిన పిప్పి, బెల్లం డబ్బాతో సహా నిన్ననే పట్టుకుపోయారు. శేషగిరి చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా చుట్టూ చూశాడు. పొయ్యి, పక్కన పుల్లలు, గోడకు ఆనించిన రోకలి. పొయ్యికి సరిగ్గా పైన, దూలానికి వేలాడుతూ, పసుపుతాడు చుట్టిన బెత్తెడు కర్ర.

"సాక్షి పుల్ల ఇక్కడే ఉందే! పోలీసులు తియ్యలేదా?"

"తీయబోతే కానిస్టేబులు బయపడినాడు. రోగం తగ్గేదాకా తీయకూడదు గదా. సీఐగారు 'మూఢనమ్మకాలు నాకెందుకు' అనీసి వొదిలీసినారు."

బదనిక అంటే తన కాళ్ళ మీద తాను నిలబడే మొక్క కాదు. వేరు నేలను తాకదు. జీడికొమ్మ మీదో, మామిడికొమ్మ మీదో ముడిలా పట్టుకుని, ఆ చెట్టు రసం తాగి బతుకుతుంది. ఏ చెట్టు మీద పెరిగినా ఆకు ఒక్కలాగే ఉంటుంది. అందుకే జీడితోటల ఈ ఉద్దానం ప్రాంతంలో ఒక కట్టుబాటు. మందుకు బదనిక కోస్తే, దాన్ని మోసిన చెట్టుకొమ్మ కూడా బెత్తెడు ముక్క దానితోపాటు తేవాలి. అదే సాక్షి పుల్ల. వైద్యురాలు ఆకును చూడదు, పుల్లను చూస్తుంది. ఇంకో నియమం, వైద్యురాలు తన చేత్తో కొయ్యకూడదు. రోగి తాలూకు మనుషులే కోసి, ముడి మీద పసుపుతాడు చుట్టి, ఆమె చేతికివ్వాలి. ఆమె చూసి తిరిగిచ్చాక, రోగం తగ్గేదాకా ఆ పుల్ల రోగి ఇంట్లో పొయ్యి మీద వేలాడాలి.

పొద్దున్న లాకప్పు ఊచల వెనక నుంచి బొడ్డమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. "నాను వాసన సూసినాను బావూ. జీడికొమ్మే. నా కళ్ళకి పొర వచ్చినాది గానీ ముక్కుకి రానేదు."

శేషగిరి దూలం వైపు చూసి ఒక్క క్షణం వెనకాడాడు. రోగం తగ్గకముందు పసుపుతాడు విప్పితే కీడంటారు. కానీ రోగే లేడు. ఇంక దేనికి భయపడాలి? ధనలక్ష్మి తల ఊపింది. అతను కళ్ళు మూసుకుని మనసులో శివుణ్ణి తలచుకుని, పీట ఎక్కి పుల్లను దించాడు.

వెలుతురులోకి తెచ్చి ఒక్కో చుట్టూ విప్పాడు. పదకొండు చుట్లు. ఆఖరి చుట్టు ఊడగానే ఆ కర్ర రెండు ముక్కలై అతని అరచేతిలో పడింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "సాక్షి పుల్ల రెండు ముక్కలుగా ఉంటుందా ఎక్కడైనా?"

"ఉండదు! కొమ్మా బదనికా కలిసిపోయి ఉంతాయి. గొడ్డలితో కొట్టినా ఊడదు."

మొదటి ముక్క జీడికొమ్మ. అందులో అనుమానం లేదు. దాని మీద పాత బదనిక ముడి ఒకటి ఉంది గానీ, ఎండి బోలుగా ఉంది. నరికిన చోట కారిన జిగురు గాజులా గట్టిపడి, గోటితో కొడితే టక్కుమంది. అంత గట్టిపడాలంటే కనీసం పది, పన్నెండు రోజులు ఎండలో ఉండాలి. రెండో ముక్క బొటనవేలంత. బదనిక మొదలు. కోసిన చోట ఇంకా పచ్చిగానే ఉంది. అది పట్టుకున్న చెట్టు బెరడు కాస్త దానికి అంటుకుని వచ్చింది. ఆ బెరడు పలుచగా, బూడిదరంగులో, నున్నగా ఉంది. జీడిబెరడు అలా ఉండదు.

ఆకు మొన్నటిది, సాక్షి పది రోజుల కిందటిది. సాక్షిది ఒక చెట్టు, ఆకుది ఇంకో చెట్టు.

శేషగిరి ఆ బెరడును గోటితో గీరి, రవ్వంత వేలికి అంటించుకున్నాడు. నాలుక దాకా తెచ్చి ఆగాడు. ఉపవాసం. ఆ తరువాత తనమీద తనకే కోపం వచ్చింది. ఒక ముసలమ్మ ప్రాణం మీదికి వస్తే సంకల్పం చూసుకుని కూర్చునేవాడు దేవుడి దగ్గరకు ఏ ముఖంతో వెళతాడు? ఆవగింజలో సగం నాలుక కొసకు తాకించి వెంటనే ఉమ్మేశాడు. చెంబుడు నీళ్ళతో నాలుగుసార్లు పుక్కిలించాడు. ఐదోసారికి కూడా ఆ చేదు వదల్లేదు.

ముసిడి. విషముష్టి. ఒక్క గింజ నూరి పోస్తే మనిషిని విల్లులా వంచి చంపే చెట్టు.

* * *

"ఏం శేషగిరి గారూ, నీళ్ళు పుక్కిలిస్తున్నారు? కార్తీకమాసంలో టిఫిను కానిచ్చేశారా?"

సీఐ హరికృష్ణ జీపు దిగి వాకిట్లోకి వస్తున్నాడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ మడత చెదరని యూనిఫారం. పోయిన ఏడాది సోంపేట నగల దొంగతనంలో అతను పట్టుకున్నవాడు దొంగ కాదని శేషగిరి రుజువు చేశాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకుంటారు గానీ, ఆ నవ్వులో పళ్ళు మాత్రమే ఉంటాయి.

"ఈ పుల్లని మీరు వదిలేసి వెళ్ళారు సార్," అన్నాడు శేషగిరి.

"పుల్లలు ఏరుకోవడం మీ పాత డిపార్ట్‌మెంటు పని. మాది మర్డర్ కేసు. తుఫాను తర్వాత తోటంతా బదనిక పట్టి చెట్లు ఎండుతున్నాయని పోలారావు విజయదశమి నుంచి మొత్తం నరికించేశాడు. నా మందు నాశనం చేస్తున్నావని బొడ్డమ్మ నలుగురిలో తిట్టింది. 'నీ సెట్టుకి పట్టినట్టే నీకూ పడతాది' అంది. పదిమంది విన్నారు. పదిహేను రోజులు తిరక్కుండా ఆవిడ మందు తాగి చచ్చాడు. ఇంకేం కావాలి?"

"ఆమె ఆ మాట ఎందుకంది అని అడిగారా?"

"ఎందుకేంటి?"

"అన్ని చెట్ల మీదా నరక్కు, ముసలి చెట్లు నాలుగింటి మీద ఉంచమని అడిగింది. ఆ నాలుగు చెట్ల మీద ఆధారపడి ఊరి నొప్పులకు మందిస్తోంది. పోలారావు పోతే ఆ తోట ఏ వ్యాపారి చేతికో పోతుంది. బదనిక తను పట్టిన చెట్టు చావాలని కోరుకోదు సార్. చెట్టు కూలితే ముందు ఎండేది అదే."

"పురాణం బాగుంది. కోర్టులో చెప్పండి." హరికృష్ణ అరుగు అంచున కూర్చున్నాడు. "ఇచ్చిన మందులో ఏదో విషం కలిపింది. విశాఖపట్నం ల్యాబ్ నుంచి రిపోర్టు రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా ఆమె లోపలే."

"కలపలేదు. ఆకులోనే ఉంది."

సీఐ పకపకా నవ్వాడు. "బదనిక ఆకులో విషమా? నేను పుట్టింది మందస దగ్గర. మాయమ్మ నాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు పట్టిందో! ఇప్పటికీ ఆవిడ మోకాళ్ళకి అదే తాగుతుంది. నాకు పాఠం చెప్పకండి."

"బదనికకి సొంత వంట లేదు సార్. నేలలోంచి ఏదీ తియ్యలేదు. చెట్టు కొమ్మలో పారే నీళ్ళే దాని నీళ్ళు. జీడి మీద పెరిగితే మందు. ముసిడి చెట్టు మీద పెరిగితే, ఆ చెట్టు రసంలో ఉన్న విషం దాని ఆకులోకి కూడా ఎక్కుతుంది. నేను అడవిలో పనిచేసేటప్పుడు ఒకాయన ముసిడి మీది బదనిక కొట్టి మేకలకు వేశాడు. సాయంత్రానికి రెండు మేకలు ఇలాగే వంగి చచ్చాయి. అప్పుడు నేనూ నమ్మలేదు."

భగవంతుడు ఈ మొక్కకు వేరు ఎందుకివ్వలేదు అని శేషగిరి చాలాసార్లు అనుకున్నాడు. బొటనవేలంత పిట్ట దాని పండు తిని, జిగట గింజను కొమ్మకు రాసి పోతుంది. ఆ గింజ ఎక్కడ పడాలో తాను ఎంచుకోలేదు. మంచి కొమ్మ దొరికితే మంచిదవుతుంది, విషపు కొమ్మ దొరికితే విషమవుతుంది. మరి తప్పు ఎవరిది? గింజదా, పిట్టదా, కొమ్మదా? అదెలా ఉన్నా, ఆ ఆకు కోసినవాడెవడో అన్న ప్రశ్నకు నాలుగింటిలోపు జవాబు దొరకాలి.

"ఆకు ఎవరు తెచ్చారమ్మా?" అని ధనలక్ష్మిని అడిగాడు.

ఆమె తల వంచుకుంది. "తమ్ముడు."

* * *

ఢిల్లీబాబు పెరట్లో బదనిక కొమ్మల పోగు పక్కన కూర్చుని ఉన్నాడు. నిన్నటి నుంచి అక్కడే ఉన్నాడట. ముప్ఫై రెండేళ్ళవాడు. ఆరేళ్ళుగా అక్కాబావల ఇంట్లోనే ఉంటున్నాడు. పని అంటే ఒళ్ళు వంగదు. ఊళ్ళో అతన్ని 'పోలారావు ఇంటికి పట్టిన బదనిక' అని ఎకసెక్కం చేస్తారు. పోలారావు మాత్రం ఆ మాట అన్నవాళ్ళను తిట్టేవాడు.

శేషగిరి అతని ఎదురుగా కూర్చున్నాడు. సీఐ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

"బదనిక ఎక్కడ కోశావయ్యా?"

"తోటలో."

"ఏ చెట్టు మీద?"

"జీడిసెట్టు మీద. బొడ్డప్ప సూసింది గదా సాచ్చిపుల్ల."

"ఎన్నింటికి?"

"సెనివారం సాయంత్రం నాలుగింటికి."

"మీ బావ తోటలో ఆఖరి బదనిక ఎప్పుడు నరికారు?"

ఢిల్లీబాబు చూపు పోగు మీదికి పోయింది. శేషగిరి పోగులోంచి ఒక కొమ్మ లాగాడు. రెండోది లాగాడు. ఏడో కొమ్మ కొస నరికి ఉంది. జేబులోంచి జీడిపుల్ల తీసి ఆ నరుకు దగ్గర పెట్టాడు. ఏటవాలుగా పడిన కత్తిగాటు, మధ్యలో పురుగు తొలిచిన రంధ్రం, రెండూ అతికినట్టు కలిశాయి.

సీఐ ఒక అడుగు ముందుకు వేశాడు.

"సాక్షి ఈ పోగులోది. ఆకు ఎక్కడిది?" శేషగిరి గొంతు పెంచలేదు. "నువ్వు చంపావని నేను అనడం లేదు. నిన్ను కన్నకొడుకులా చూసినవాణ్ణి నువ్వు చంపుకోవు. కానీ నువ్వు నోరు విప్పకపోతే ఆ ముసలమ్మ నీ బదులు జైలుకు పోతుంది. ఆమె నీకు చిన్నప్పుడు చెయ్యి కట్టలేదా?"

"కాలు," అన్నాడు ఢిల్లీబాబు. "కాలు కట్టింది." అంతే, ముఖం చేతుల్లో దాచుకుని బావురుమన్నాడు.

"నాను ఏటి సెయ్యాలి సారూ! తోటంతా తిరిగినాను, ఒక్క రెబ్బ నేదు. బావే నరికించేసినాడు. 'ఆదివారం కసాయం పడాల్రా, నడుం తెగిపోతంది' అనీసి ఆడే నన్ను పంపినాడు. సోంపేట వైపు తోటల్లోకి ఎల్లమన్నాడు. అంత దూరం ఎవులు నడుత్తారు అనుకున్నాను. కొండమొదట సేతికందే ఎత్తులో ఉన్నాది. గుండ్రంగా నారింజ రంగు కాయలు కాసిన సెట్టు. దాని మీద ఇంత గుబురు బదనిక. బదనిక బదనికే గదా అనుకున్నాను. కానీ బొడ్డప్ప సాచ్చి అడుగుతాది. ఆ సెట్టు కొమ్మ సూపిత్తే తిట్టి పంపీసును. అందుకని ఇక్కడ పోగులోది జీడిముడి తీసి, దానికి ఆనించి, మీద పసుపుతాడు గట్టిగా సుట్టీసినాను. బావకి నొప్పి తగ్గితే సాలనుకున్నాను. సెట్టులో ఉన్నది ఆకులోకి వత్తాదని నాకేటి తెలుసు!"

పెరటి గుమ్మంలో నిలబడిన ధనలక్ష్మి అంతా విన్నది. తమ్ముడివైపు చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు ఢిల్లీబాబు కొరడాదెబ్బ తగిలినట్టు ఉలిక్కిపడ్డాడు.

సీఐ హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు. "సరే. ఆకు ఇతను తెచ్చాడు. కానీ బొడ్డమ్మకు ఏభై ఏళ్ళ అనుభవం. అది ముసిడి బదనిక అని తెలిసే ఊరుకుందని ఎందుకు అనుకోకూడదు? పగ ఉంది, అవకాశం వచ్చింది, కళ్ళు మూసుకుంది. మీరు ఏం రుజువు చేశారు? ఏమీ లేదు."

మొండివాడే గానీ మూర్ఖుడు కాదు అనుకున్నాడు శేషగిరి. మంచి ప్రశ్నే వేశాడు. దానికి జవాబు ఈ పెరట్లోనే ఎక్కడో ఉండాలి.

"ఢిల్లీబాబూ, నువ్వు ఎంత ఆకు కోశావు?"

"పెద్ద మోపు."

"ఇంటికి ఎంత వచ్చింది?"

"సగం. సగం బొడ్డప్ప భాగం గదా. ఎవులు తెచ్చినా సగం ఆయమ్మ తీసుకుంతాది. అదే ఆయమ్మకి కూలీ. నా ముందలే ఇడదీసి సూరుకి కట్టింది. 'నా మోకాళ్ళు కూడా పీకేత్తన్నాయిరా, సోమవారం దీపం ఎట్టినాక నానూ కాసుకుంతాను' అన్నాది."

శేషగిరి లేచి నిలబడ్డాడు. "విన్నారు కదా సార్. విషమని తెలిసి ఉంటే తన మోకాళ్ళకు దాచుకుంటుందా? మీరు నిన్న సాయంత్రం ఆమెను పట్టుకోకపోతే, ఇవాళ దీపాలవేళ ఆమె కూడా అదే తాగి చచ్చేది. ఆ సగం ఇప్పటికీ ఆమె చూరుకే వేలాడుతూ ఉంటుంది. మీ కేసుకు అదే జవాబు. పదండి, తెద్దాం."

సీఐ కదల్లేదు.

అతని ముఖం వైపు చూసి శేషగిరికి ఏదో అనుమానం తగిలింది. ఇస్త్రీ యూనిఫారంలో మనిషి ఒక్కసారిగా చిన్నబోయాడు.

"చూరులో... లేదు," అన్నాడు హరికృష్ణ.

"ఏమైంది?"

"నిన్న సోదా చేసినప్పుడు గుప్పెడు సాంపిలు సీలు చేయించాను. మిగతాది ఉత్త ఆకే కదా అని..." అతను గడియారం చూసుకున్నాడు. "మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. టెక్కలిలో ఉంటుంది. పొద్దున్న పదకొండు బస్సుకి కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ వెళుతుంటే ఇచ్చి పంపాను."

* * *

సుమ్మాదేవి స్టేషన్ రోడ్డులో నూకయ్య ఎస్టీడీ బూత్‌కు జీపు ఒకటిన్నరకు పది నిమిషాల ముందు చేరింది. బస్సు పన్నెండు గంటలకు టెక్కలి చేరి ఉంటుంది. ఆకు కడగడానికి పది నిమిషాలు, కాచడానికి అరగంట. లెక్క వేసుకుంటూనే హరికృష్ణ నంబరు తిప్పాడు. ఒకసారి తప్పు పోయింది. మళ్ళీ తిప్పాడు.

"ఇవాళ సోమవారం. మాయమ్మ ఉపాసం," అన్నాడు తనలో తనే. "దీపం ఎట్టేదాకా ఏటీ ముట్టదు. ముట్టదు గదా శేషగిరి గారూ?"

అతని గొంతులోంచి టౌను భాష జారిపోయి సొంత ఊరు బయటపడటం శేషగిరి గమనించాడు. మందుకు ఉపవాసం అడ్డు రాదని అనుకునేవాళ్ళు కూడా ఉంటారని తెలిసీ, అతను ఆ మాట పైకి అనలేదు.

అవతల ఫోను మోగుతోంది. ఒకటి. రెండు. మూడు. ఎవరూ తియ్యడం లేదు. నాలుగు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఒక్కర్తే."

ఐదు. ఆరు.

ఠంగుమన్న చెంబు. గేటు దగ్గర పాసింజరు కూత. గుమ్మం ముందు ఆటో హారను. శేషగిరి ఒక్క ఉదుటున చెయ్యి చాపి ఫోను మీద మీటను నొక్కేశాడు. లైను తెగిపోయింది.

"ఏం చేస్తున్నారు మీరు!"

"ఆమె తాగకుండా ఉంటే ఈపాటికి ఫోను తీసేది సార్. తాగి, పడి ఉంటే... ఆ ఒక్కో మోత ఆమె వెన్ను మీద పడే దెబ్బ. పోలారావు విషంతో ఏడుంబావు దాటేదాకా బతికే ఉన్నాడు. చంపింది చప్పుడు."

హరికృష్ణ రిసీవరును పామును వదిలినట్టు వదిలేశాడు. శేషగిరే దాన్ని అందుకుని అతని చేతిలో పెట్టాడు. "టెక్కలి స్టేషనుకు చెయ్యండి. ఇద్దరు మనుషులు, నడిచి వెళ్ళాలి. తలుపు బాదకూడదు, పిలవకూడదు. డాక్టరును చెప్పులు విప్పి రమ్మనండి. గది చీకటి చెయ్యమనండి."

సీఐ ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా అవతలివాళ్ళకు చెప్పాడు. పెట్టేసి, అడగకుండానే ఇంకో నంబరు తిప్పాడు. అది తన స్టేషను.

"లాకప్పు తియ్యండి. బొడ్డమ్మకి ఫోను ఇవ్వండి... ఇవ్వమంటున్నానా!" రెండు క్షణాలు ఆగి, గొంతు తగ్గించాడు. "అప్పా, నాను సీఐని. నీ సూరులో ఆకు నానే మాయమ్మకి పంపినాను. అది ముసిడి మీదదట. ఏటి సెయ్యాలి అప్పా?"

రిసీవరులోంచి ముసలి గొంతు శేషగిరికి కూడా వినబడింది. అందులో కోపం లేదు.

"మీయమ్మది ఏ ఊరు బావూ?"

"మందస కాడ."

"మరైతే మన ఉద్దానం మడిసే. సాచ్చిపుల్ల పంపినావా?"

"నేదు."

"అయితే బయపడకు. సాచ్చి నేని బదనిక ఉద్దానం ఆడది నోట ఎట్టదు. తెచ్చినోడిని అడుగుతాది, ఏదిరా సాచ్చి అని."

హరికృష్ణ ఫోను పెట్టేశాడు. కళ్ళలో ఊరట కనిపిస్తుందేమోనని శేషగిరి చూశాడు. లేదు.

"అడిగే ఉంటుంది," అన్నాడు హరికృష్ణ. "అడుగుతుందని నాకు తెలుసు. అందుకే కానిస్టేబుల్‌కి చెప్పి పంపాను, 'ఏ చెట్టుది అని అడిగితే, మీ అబ్బాయి స్వయంగా చూసి పంపాడని చెప్పు' అని."

జీపు దగ్గరకు ఇద్దరూ పరుగెత్తారు. దారిలో బొడ్డమ్మను ఎక్కించుకోవాలని ఎవరూ పైకి అనలేదు, ఇద్దరికీ తెలుసు. ఈ విషానికి విరుగుడు ఉందో లేదో చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. సాయంత్రం నాలుగింటికి కోర్టుకు వెళ్ళాల్సిన ముద్దాయి, ఇప్పుడు పోలీసు జీపులో ముందు సీటులో కూర్చుని టెక్కలి వెళుతుంది. శేషగిరి పొద్దున్న నుంచి కోరుకున్నది ఇదే. ఇలా దొరకాలని మాత్రం కోరుకోలేదు.

కొడుకు పేరు కన్నా పెద్ద సాక్షి ఏ తల్లికి కావాలి? తండ్రీ, ఆమె చేత ఇవాళ ఉపవాసం నిలబెట్టించు అని మొక్కుకుంటూ అతను జీపు ఎక్కాడు.

రోడ్డుకు అడ్డంగా ఒక ఆవు నిలబడి ఉంది. డ్రైవరు అలవాటుగా హారను మీదికి చెయ్యి తీసుకెళ్ళాడు. వెనక సీటులోంచి సీఐ హరికృష్ణ ముందుకు దూకి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. టెక్కలి అక్కడికి నలభై కిలోమీటర్ల పైన ఉంది. అయినా అతను ఆ చెయ్యి వదల్లేదు.